మొగుడి ఫండు, పెళ్ళాం ఫండు

గబగబ అని పేరు పడ్డ ఆ ఇన్‌స్పెక్టరు మీద డిటెక్టివ్‌కి ఉన్న కడుపుమంట ఈనాటిది కాదు. గోడౌను కేసులో దొంగని వెతికి పట్టింది డిటెక్టివ్, మెడలో దండ వేయించుకున్నది గబగబ. నగల కొట్టు కేసులో ఏ పాపం ఎరగని కుర్రాణ్ణి లోపలేసింది గబగబ, వాడి తల్లి ముందు తల దించుకుని నిలబడ్డది డిటెక్టివ్. ఆ మనిషి తిండి గబగబ, నడక గబగబ, కేసు మూయడం మరీ గబగబ. పైగా పదిమంది చేరితే చాలు, "ఇదిగో, మా ఎనిమిదో క్లాసు గారొచ్చారు" అని అందర్నీ నవ్విస్తాడు. డిటెక్టివ్ బడి మానేసింది ఎనిమిదిలోనే, కాదనడు. కానీ మానేసి ముప్పై ఐదేళ్ళయింది. ఇంకా ఎన్నాళ్ళు ఆ బెంచీ మీదే కూర్చోబెడతాడని అతని బాధ.

ఇప్పుడు అదే గబగబ, దుప్పట్లు ఇస్త్రీ చేసుకునే ఒక ఆడమనిషిని మొగుణ్ణి చంపిందని లాకప్పులో పెట్టాడు.

ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ ఉతికే పెద్ద లాండ్రీ అది. మూడొందల మంది పనివాళ్ళు. చచ్చిపోయినవాడు అక్కడ ఆరబెట్టే డ్రమ్ముల దగ్గర మేస్త్రీ. పెళ్ళాం అక్కడే ఇస్త్రీ రోలరు మీద పని. ఆమెని లాండ్రీ అంతా వదిన అనే పిలుస్తారు. మొన్న సాయంత్రం మేస్త్రీ ఇంటికి రాలేదు. నిన్న పొద్దున డ్రమ్ములు తిప్పకముందే చూస్తే, డ్రమ్ముల వెనక నూగు గదిలో తల పగిలి పడి ఉన్నాడు. నిన్న మధ్యాహ్నానికల్లా గబగబ వదినని జీపెక్కించేశాడు.

"సాయంత్రం కోర్టుకి పంపేస్తున్నా. ఆ లోపల నీకు ఏం ముచ్చటుంటే అది తీర్చుకో" అన్నాడు గబగబ, స్టేషను గుమ్మంలో టోపీ సవరించుకుంటూ.

డిటెక్టివ్ ఆయన్ని దాటుకుని లోపలికి నడిచాడు. రాత్రంతా మోకాలు సలిపి నిద్ర లేదు. మాటకి మాట అనడానిక్కూడా ఓపిక కావాలి.

*

వదిన బల్ల మీద కూర్చుని ఉంది. చేతిలో తువ్వాలు. దాన్ని అంచుకి అంచు కలిపి నాలుగు మడతలు పెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ పెడుతోంది. ముంజేతుల మీద రోలరు కాల్చిన మచ్చలు, కొన్ని పాతవి, కొన్ని పచ్చివి.

"మీ అన్నయ్య పంపాడమ్మా నన్ను. టైమాఫీసాయన. ఫీజులో సగం ముందే చేతిలో పెట్టాడు" అన్నాడు డిటెక్టివ్.

"వాడికెందుకు బాబూ ఈ ఖర్చు? అసలే నిన్నటి నుంచీ ముద్ద ముట్టలేదట."

"మీరు తిన్నారా?"

"అది అడక్కండి."

డిటెక్టివ్ ఎదురుగా కూలబడ్డాడు. "మీ ఇద్దరికీ గొడవైందని ఇంటిపక్కవాళ్ళు చెప్పారు. దేని మీదమ్మా?"

"ఫండు మీద." ఆమె తువ్వాలు ఒళ్ళో పెట్టుకుంది. "జీతంలో కోసి పెన్షన్‌కని దాస్తారు కదా, అది. ఏడాదికోసారి చీటీ వస్తుంది, ఇంత పోగైంది అని. ఎప్పుడూ ఆయనది ఆయన, నాది నేను చూడకుండానే పెట్టెలో పడేసేవాళ్ళం. రిటైరవడానికి ఇక రెండేళ్ళే కదా, ఈసారి పక్కపక్కన పెట్టి చూశాడు. నాది ఎక్కువ, ఆయనది తక్కువ. ఇంతా అంతా కాదు."

"జీతం తేడానా?"

"ఒకే రోజు చేరాం. ఒకే జీతం. ఒకే కోత. ఒక్క పైసా తేడా లేదు. మొదట ఆయన నవ్వాడు, 'ఏమే, నా జేబులోంచి కొట్టేసి నీ దాంట్లో వేసుకున్నావా' అని. వెళ్ళి క్యాంటీన్లో చెప్పుకున్నాడు, బుద్ధి లేక. వాళ్ళు ఊరుకుంటారా? 'మీ ఆవిడకి ఆఫీసులో పైవాళ్ళు ఎవరో బాగా కావలసినవాళ్ళున్నార్రా' అన్నారు. అంతే. ఆ మాట పట్టుకుని మూడు రోజులు నన్ను నమిలి పారేశాడు. 'ఎవడు వాడు, చెప్పు, ఎవడు?' నాకు మనవడు పుట్టాడు బాబూ. ఈ వయసులో నన్ను అడగాల్సిన మాటేనా అది?"

డిటెక్టివ్ ఆ మాట తప్పించి వేరేది అడిగాడు. "మీరెప్పుడైనా సెలవులూ గట్రా తేడాగా..."

"ఒక్క రోజు జబ్బు సెలవు పెట్టి ఎరగను. జ్వరం ఒళ్ళు కాల్చేస్తున్నా వెళ్ళి రోలరు దగ్గర నిలబడేదాన్ని. సెలవులు పెట్టేది ఆయన, నడుం నొప్పని. హాజరు వేసేది మా అన్నయ్యే, అడగండి కావాలంటే."

"మొన్న నాలుగింటప్పుడు రోలరు దగ్గర లేరట మీరు. ఇన్‌స్పెక్టరు గారు దాన్నే పట్టుకు వేలాడుతున్నాడు."

"నీళ్ళ గదిలోకి వెళ్ళా. ఏడవడానికి. రోలరు దగ్గర ఏడిస్తే దుప్పటి మీద చుక్కలు పడతాయి, మళ్ళీ ఉతకాలి." ముక్కు తుడుచుకుని మెల్లగా అంది. "అయిదింటికి డ్రమ్ములాగాక మామూలుగా మా బండెక్కి ఇంటికొచ్చేశా. ఇరవై మంది ఆడవాళ్ళం. ఆయన రాకపోతే అలిగి ఎక్కడో కూర్చున్నాడనుకున్నా. నేనూ బెట్టు చేసి వెతకలేదు."

డిటెక్టివ్ లేవబోతుంటే చొక్కా చెయ్యి పట్టుకుంది.

"బాబూ, జైలు సంగతి తర్వాత. నాది ఎందుకెక్కువుందో ఒక్కటి తేల్చండి. ఆయన నన్ను దొంగ అనుకుంటూనే పోయాడేమోనని నిన్నటి నుంచీ కన్ను మూతపడలేదు."

*

నూగు గది అంటే పేరుకే గది. ఆరు డ్రమ్ముల్లో దుప్పట్లు ఎండుతుంటే రేగే దూది నూగంతా గొట్టాల్లోంచి వచ్చి అక్కడ పడుతుంది. వేడి, ఉక్క, గొంతులో గరగర. ఒకపక్క శవం దొరికినా రెండోపక్క ఆసుపత్రుల దుప్పట్లు ఆగవు. నిన్న మధ్యాహ్నం నుంచే డ్రమ్ములు మళ్ళీ తిప్పేస్తున్నారు.

"ఇంకేముందిక్కడ చూడ్డానికి?" అన్నాడు గబగబ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "నాలుగింటికి రోలరు వదిలింది. ఇక్కడికొచ్చింది. మొగుడితో మాటా మాటా అయింది. తోసింది. తల గొట్టానికి తగిలింది. నాలుగూ పదికల్లా వెళ్ళి రోలరు దగ్గర నిలబడింది. డాక్టరు కూడా నాలుగుకీ ఆరుకీ మధ్యే పోయాడన్నాడు. ఎనిమిదో క్లాసు లెక్కే ఇది."

"గొట్టం మీద రక్తం ఉందా?"

"తుడిచేసుంటుంది. ఆడవాళ్ళు తుడవడంలో దిట్టలు."

"టోపీ తీసి ఆ బల్ల మీద పెట్టండి ఒకసారి."

"ఎందుకు?"

"చెమటలు కక్కుతున్నారు. కాస్త గాలాడుతుంది."

గబగబ అనుమానంగా చూసి, నిజంగానే నెత్తి మండిపోతోందేమో, నల్ల టోపీ తీసి గొట్టం కింది బల్ల మీద పెట్టాడు. డిటెక్టివ్ మోకాలు పట్టుకుని నెమ్మదిగా నేల మీదికి వంగాడు.

"ఈ గది ఊడ్చేదెవరు?"

"మేస్త్రీయే. రోజూ పొద్దున్నే ఊడ్చి, అప్పుడు డ్రమ్ములు తిప్పిస్తాడట. ఏం, చీపురు మీద కూడా అనుమానమా?"

"శవం ఫొటోలు మీ ఫోన్లో ఉన్నాయిగా, చూపించండి."

గబగబ విసుక్కుంటూనే తీశాడు. డిటెక్టివ్ కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటే చూశాడు. నేల మీద తెల్లగా, పరుపులా నూగు. అందులో వెల్లకిలా మేస్త్రీ. ఒంటి మీద ముదురు నీలం చొక్కా. తర్వాత ఫొటోలో శవాన్ని లేపారు. కింద నూగు అణిగిపోయి మనిషి ఆకారం పడింది. చొక్కా వీపంతా తెలుపు. రెండు మడమలకీ నూగు ఉండలు కట్టి ఉంది.

"మొగుడూ పెళ్ళాల గొడవలో మీకు బాగా అనుభవం ఉన్నట్టుందే" అన్నాడు డిటెక్టివ్ ఫోను తిరిగిస్తూ.

"అనుభవమేముందయ్యా, ప్రతి ఇంట్లో ఉండేదే. డబ్బు దగ్గర పెళ్ళాం ఎవత్తయినా..."

"మీ ఇంట్లో కూడానా?"

"మా ఇంటి ఊసు నీకెందుకు?"

"ఊరికే. మీ ఆవిడ దగ్గర మీకు తెలియకుండా ఎంతుందో ఎప్పుడైనా చూశారా అని."

గబగబకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటి మర్యాద దగ్గర మొదలుపెట్టి, డిటెక్టివ్ లైసెన్సు దాకా వచ్చి, గోడౌను కేసు దాకా వెళ్ళి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. డిటెక్టివ్ అంతసేపూ గోడకి చేరబడి కళ్ళు మూసుకుని విన్నాడు. అరుపులు అయ్యాక మెల్లగా అన్నాడు.

"ఇక టోపీ పెట్టుకోండి."

గబగబ విసురుగా టోపీ అందుకున్నాడు. అందుకుని అలాగే ఉండిపోయాడు. నల్ల టోపీ బూడిద రంగుకి తిరిగింది. పట్టుకున్నచోట నాలుగు వేళ్ళ గుర్తులు నల్లగా తేలాయి.

"మీరు నన్ను తిట్టింది పది నిమిషాలు కూడా ఉండదు. నాలుగింటికి మేస్త్రీ ఇక్కడ పడి ఉంటే, డ్రమ్ములాగే దాకా గంటసేపు ఆయన మీద నూగు పడాలి. ఫొటోలో చొక్కా ముందు వైపు చూడండి. చాకలి ఇంటి నుంచి అప్పుడే వచ్చినట్టుంది. వీపు కిందేమో రోజంతటి నూగు పరుపు. అంటే డ్రమ్ములన్నీ ఆగాకే ఆయన్ని ఇక్కడ పడేశారు. మడమలకి ఉండలు కట్టింది ఈడ్చుకొస్తేనే. వేరే ఎక్కడో పోయాడు. ఆ టైముకి పెళ్ళాం ఇరవై మంది ఆడవాళ్ళ మధ్య బండిలో కూర్చుని ఉంది."

"నూగు వచ్చి కోర్టులో సాక్ష్యం చెబుతుందేమిటి?"

"నూగు చెప్పదు. మీ టోపీ చెబుతుంది."

గబగబ టోపీని తొడకేసి రెండుసార్లు కొట్టాడు. నూగు పోలేదు. ఈసారి ఆయన గొంతులో గబగబ లేదు. "సరే. డ్రమ్ములాగాక ఎవరున్నారు మరి?"

"అదే చూద్దాం. మొగుడూ పెళ్ళాల గొడవ ఫండు మీదే. మొన్న ఆ ఫండు వాడు ఇక్కడికొచ్చాడట కదా?"

*

ఫండు వాణ్ణి లాండ్రీలో శాతాలాయన అంటారు. మూడు నెలలకోసారి వస్తాడు. క్యాంటీన్లో గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపిస్తాడు. అందరికీ తలా ఒక పెన్ను పంచుతాడు. పెన్ను రాస్తుంది, బొమ్మ అర్థం కాదు. పదిహేనేళ్ళుగా ఇదే తంతు.

గబగబ కబురంపి అతన్ని పిలిపించాడు. క్యాంటీను మూల బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు.

"నేను ఆ రోజు నాలుగున్నరకే వెళ్ళిపోయాను. గేటు దగ్గర వాచ్‌మన్ని అడగండి. మేస్త్రీ గారి సంగతి నాకేం తెలీదు" అన్నాడు శాతాలాయన, అడగకముందే.

"అడిగాం. వెళ్ళారు. మిమ్మల్ని హత్య గురించి అడగడం లేదు. చదువు తక్కువ వాణ్ణి, కాస్త పాఠం చెప్పండి. ఒకే రోజు చేరి, ఒకే జీతం తెచ్చుకున్న మొగుడూ పెళ్ళాల ఫండ్లు ఎందుకు తేడా వచ్చాయి?"

"మార్కెట్టండీ. ఎత్తుపల్లాలు సహజం..."

"ఇద్దరి డబ్బూ ఒకే చోట పెట్టారా, వేరే చోటా?"

"ఒకే చోటే."

"మరి మార్కెట్టు మొగుడి మీద ఒకలా, పెళ్ళాం మీద ఒకలా ఎందుకు చూసింది?"

శాతాలాయన నవ్వబోయాడు. గబగబ నవ్వకపోవడంతో తనూ ఆపేశాడు.

"అది... చార్జీల తేడా అయ్యుంటుంది. ఇంత డబ్బు చూసిపెట్టినందుకు కొంత రుసుము ఉంటుంది కదండీ. ఇక్కడ పనిచేసేవాళ్ళకి రాయితీ. నూటికి అర. పని మానేసి వెళ్ళిపోయినవాళ్ళ డబ్బు ఫండులోనే ఉంటే, వాళ్ళకి రాయితీ తీసేస్తారు. నూటికి ఒకటిన్నర. అన్నీ చిన్న చిన్న అంకెలే."

"నూటికి అంటే, దేనికి నూరు? నేను ఈ ఏడాది వేసినదాంట్లో నూటికా?"

"కాదు. పోగైన మొత్తంలో."

"పోయినేడాది వేసిన దాని మీద పోయినేడాదే కోశారుగా?"

"కోశాం. మళ్ళీ ఈ ఏడాది కూడా దాని మీద ఉంటుంది."

"పదేళ్ళ కిందట వేసిన దాని మీద?"

"పదిసార్లూ ఉంటుంది."

"నష్టమొచ్చిన ఏడాది?"

"అప్పుడూ ఉంటుందండీ. మేం పని చేశాం కదా."

"మరి చీటీలో కోసినట్టు రాయరేం?"

"కోసేశాకే విలువ కట్టి పంపుతాం. వెనక వైపు వివరాలుంటాయి."

డిటెక్టివ్ మేస్త్రీ ఇంటి పెట్టెలోంచి తెప్పించిన పాత చీటీ వెనక్కి తిప్పాడు. చీమ కాళ్ళకి సిరా పూసి నడిపించినట్టున్న అక్షరాలు. కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూసి, విసిగి, బల్ల మీద పడేశాడు. ఆ డ్రమ్ములు గుర్తొచ్చాయతనికి. ఒక్కసారి తిప్పితే దుప్పటికి ఏమీ కాదు. పట్టి చూసినా తేడా తెలీదు. రాలింది నూగే కదా. వందసార్లు తిప్పాక వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అవతలి మనిషి కనబడతాడు.

గబగబ గొంతు సవరించుకున్నాడు. "ఏమండీ, మా డిపార్టుమెంటు ఫండులో కూడా ఇలాగే కోస్తారా?"

"మీది వేరే కంపెనీ అండీ. కోత లేని ఫండు మాత్రం ఉండదు."

గబగబ మొహం ఒక్కసారిగా పదేళ్ళు ముసలిదైంది.

డిటెక్టివ్ ముందుకి వంగాడు. "మానేసినవాళ్ళకి ఒకటిన్నర అన్నారు. మేస్త్రీ ఎప్పుడు మానేశాడు?"

శాతాలాయన గ్లాసులో నీళ్ళు తాగాడు. ఖాళీ అయ్యాక కూడా ఇంకోసారి ఎత్తాడు.

"మిమ్మల్నే."

"పదకొండేళ్ళ కిందట బాయిలరు మార్చారు. రెండ్రోజులు లాండ్రీ మూశారు. శుక్రవారం సాయంత్రం అందర్నీ మానేసినట్టు రాసి, సోమవారం కొత్తగా చేరినట్టు రాశారు."

"పనివాళ్ళకి తెలుసా?"

"సంతకాలు పెట్టారుగా. బాయిలరు కాగితాలనుకున్నారేమో."

"సోమవారం చేరారు కదా. మళ్ళీ రాయితీ ఎందుకివ్వలేదు?"

"చేరినట్టు మా కంపెనీకి పంపాల్సిన కాగితం... పంపలేదు."

"పంపాల్సింది మీరే కదా?"

శాతాలాయన చేతిలో పెన్ను తిప్పుతూ కూర్చున్నాడు. గబగబ బల్ల మీద అరచేత్తో చరిచాడు. నూగు లేచింది. "నోరు విప్పు! ఆ పైన కోసిన ఒకటి ఎవరి జేబులోకి పోతోంది?"

"సలహా రుసుమండీ" అన్నాడు శాతాలాయన నేల చూపులు చూస్తూ. "సలహాదారుకి వస్తుంది. అంటే... నాకే."

"మూడొందల మంది. పదకొండేళ్ళు" అన్నాడు డిటెక్టివ్. "తలా ఒక పెన్ను ఇచ్చారు. సరే, పెళ్ళాం సంగతేమిటి? ఆమెకి అరే ఎందుకుంది?"

"ఆవిడ ఆ జాబితాలో లేదు. జబ్బు సెలవులో ఉన్నవాళ్ళని మానేసినట్టు రాయకూడదు, రూలు. ఆ శుక్రవారం ఆవిడ జబ్బు సెలవులో ఉంది. మొత్తం లాండ్రీలో ఆవిడొక్కతే."

డిటెక్టివ్‌కి వదిన మాటలు గుర్తొచ్చాయి. ఒక్క రోజు జబ్బు సెలవు పెట్టి ఎరగను. హాజరు వేసేది మా అన్నయ్యే, అడగండి కావాలంటే.

"ఆ జాబితా మీకు తయారుచేసి ఇచ్చింది టైమాఫీసాయనే కదా?" అన్నాడు.

శాతాలాయన తలూపాడు. "తలకింతని ఇచ్చేశాను. ఒక్కసారే."

గబగబ అప్పుడే కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. డిటెక్టివ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ ఒక్కసారికి గబగబ వద్దు ఇన్‌స్పెక్టర్ గారూ. మీరు గుమ్మం బయట నిలబడండి. నా క్లయింటు. నేనే మాట్లాడాలి."

*

టైమాఫీసు అగ్గిపెట్టంత గది. కార్డు కొట్టే గడియారం ఇనప స్టాండు మీద, గోడ నిండా కార్డుల అరలు. అన్నయ్య లేచి కుర్చీ తుడిచి వేశాడు. అరవై దగ్గరపడ్డ మనిషి. రెండ్రోజుల గడ్డం.

"మా చెల్లి వచ్చేస్తుందా?"

"వచ్చేస్తుంది. డ్రమ్ములాగాకే మీ బావని ఆ గదిలో పడేశారని తేలింది."

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు. అదే డిటెక్టివ్‌కి మరీ నీరసం తెప్పించింది.

"అయిదింటి తర్వాత అందరి కార్డులూ అయ్యేదాకా ఇక్కడుండేది మీరొక్కరే కదా?" అన్నాడు. ఇనప స్టాండు అంచు వేలితో తడిమాడు. మూడు వైపులా దుమ్ము. నాలుగో వైపు మటుకు కడిగిన కంచంలా మెరుస్తోంది. "మీ చెల్లెలికి ఆ శుక్రవారం ఏం జబ్బు చేసింది?"

అన్నయ్య కూర్చున్నాడు. తర్వాత సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీ మిగతా సగం ఫీజు. దానికి రెండింతలుంది. చెల్లి బయటికొచ్చేస్తోంది కదా. ఇక్కడితో ఆపెయ్యండి."

డిటెక్టివ్ కవరు వైపు చూశాడు. రెండు నెలల ఇంటద్దె, మోకాలికి డాక్టరు, అన్నీ దాంట్లో ఉన్నాయి. దాన్ని ఒక వేలితో వెనక్కి తోశాడు. తోసినందుకు ఆ రాత్రే తనని తను తిట్టుకుంటాడని అప్పుడే తెలుసు.

"ఎందుకు చేశారండీ?"

"కూతురి కాన్పు కష్టమైంది అప్పట్లో. ఆసుపత్రి ఖర్చు. శాతాలాయన వచ్చి, 'నూటికి ఒకటే, ఎవరికీ తెలీదు' అన్నాడు. ఒక్కసారే కోస్తారనుకున్నాను. దేవుడి మీద ఒట్టు, ఒక్కసారే అనుకున్నా. అయినా చెల్లి డబ్బు ముట్టుకోబుద్ధి కాలేదు. జబ్బు సెలవని రాశా. బావ పేరు కూడా తీసేద్దామనుకున్నా. ఒకే ఇంట్లో ఇద్దరికీ ఒకేసారి జబ్బంటే ఎవరైనా అడుగుతారని భయమేసింది." మొహం తుడుచుకున్నాడు. "రెండో ఏడాది అందరికీ చీటీలు పంచుతూ చూశాకే తెలిసింది, అది ఏటేటా అని. అప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది. తర్వాత చెబితే జైలు. ఇంకా తర్వాత... ఇంక చెప్పడం ఎలాగో తెలీలేదు."

"మొన్న?"

"డ్రమ్ములాగాక వచ్చాడు, రెండు చీటీలూ పట్టుకుని. 'నీ చెల్లెలికి ఆఫీసులో ఎవడున్నాడో చెప్పు బావా' అన్నాడు. నా చెల్లిని అంత మాట... తట్టుకోలేకపోయా. 'అది బంగారం రా, తప్పు నాది' అని మొత్తం చెప్పేశా."

"చెప్పేశారా? మరి ఇంకేం?"

"కూలబడిపోయాడు. 'మూడు రోజులు దాన్ని ఎన్ని మాటలన్నాను' అని తల బాదుకున్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. లేచి, 'మూడొందల మందికీ ఇప్పుడే చెబుతా' అని తలుపు దగ్గరికి పోయాడు. బండ్లు ఇంకా గేటు దాటలేదు. నేను చొక్కా పట్టుకు లాగా. వెనక్కి పడ్డాడు. ఆ స్టాండు... అందరూ వెళ్ళాక, డ్రమ్ముల దగ్గరే పడ్డాడనుకుంటారని అక్కడికి ఈడ్చుకుపోయా."

తలుపు తెరుచుకుంది. గబగబ లోపలికొచ్చాడు. ఎందుకో ఈసారి నడక నెమ్మదిగా ఉంది.

*

స్టేషన్లో లాకప్పు తలుపు తీస్తుంటే వదిన మొదట డిటెక్టివ్ వైపు చూసింది. తర్వాత వెనకాల, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య నిలబడ్డ అన్నయ్య వైపు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"ఆయనకి తెలుసా?" అంది. ఎవర్ని అడిగిందో తెలీలేదు.

"తెలుసు చెల్లీ" అన్నాడు అన్నయ్య. "నేనే చెప్పా. నీ తప్పు లేదని తెలిసే పోయాడు. నిన్నన్న మాటలకి ఇంత ఏడుపు ఏడ్చాడు."

ఆమె గోడ పట్టుకుని బల్ల మీదికి జారింది. కళ్ళు మూసుకుని ఒక్క ఊపిరి పీల్చి వదిలింది, ఇన్ని రోజులుగా బిగబట్టినట్టు. అన్నయ్య చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని ముట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు.

"అన్నం తిన్నావా?" అంది చివరికి, వేరే వైపు చూస్తూ.

ఆయన బావురుమన్నాడు.

గబగబ బల్ల ముందు కూర్చుని వాంగ్మూలం రాసుకుంటున్నాడు. తన చేత్తోనే. అక్షరం అక్షరం కూడబలుక్కుని. టోపీ పక్కన బూడిద రంగులో పడుంది. డిటెక్టివ్ బయటికి పోబోతూ గుమ్మంలో ఆగాడు. మోకాలు ఒప్పుకోక కాదు.

"శాతాలాయన్ని కూడా తెస్తున్నారు" అన్నాడు గబగబ తలెత్తకుండా. "మేస్త్రీకి ఆ ఒక్క సంతకంతో పోయిందెంతో రాయాలి. చీటీలు ఎక్కడున్నాయి? రెండూ తీసి తీసివేత వెయ్యండి ఎవరైనా."

"చీటీలక్కర్లేదు" అన్నాడు అన్నయ్య. పదేళ్ళుగా ప్రతి ఏడాదీ చెల్లి చీటీలోంచి బావ చీటీ తీసేసి చూసుకున్నవాడు. మొహం మీది నీళ్ళు తుడుచుకోకుండానే, హాజరు పిలిచే గొంతుతో చెప్పాడు. "రెండు లక్షల డెబ్భై ఆరు వేల మూడు వందల నలభై."